విటమిన్ 'కె' ని కనుగొన్న హెన్రిక్ డామ్

విటమిన్ల పేర్లు ఎ, బి, సి, డి, ఇ అని అక్షరక్రమంలో నడచి, అక్కడినుండి ఒక్కసారిగా 'కె' వద్దకు దూకడం విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకం తెరచిన ప్రతి విద్యార్థికీ వింతగానే తోచుతుంది. దీనికి కారణం ఒక డేనిష్ మాట. రక్తం గడ్డకట్టడాన్ని ఆ భాషలోనూ, జర్మన్ భాషలోనూ కోఆగులేషన్ అంటారు. అక్కడ ఆ మాట 'కె' అక్షరంతో మొదలవుతుంది. ఆ పేరు పెట్టినవారు కోపెన్‌హాగెన్ నగరానికి చెందిన జీవరసాయన శాస్త్రవేత్త హెన్రిక్ డామ్. పుట్టిన బిడ్డ తొడకు మొదటి గంటల్లోనే వేసే ఒక చిన్న సూదిమందు ఆయన కృషినుండి పుట్టినదే. ఆ సూది మా బిడ్డకు అక్కరలేదని నిరాకరించే తల్లిదండ్రులు కొన్ని దేశాలలో కనబడుతున్న ఈ రోజుల్లో, డామ్ జీవితాన్ని మన కళాశాల విద్యార్థుల ముందుంచడం సముచితమని మేము తలచినాము.

కార్ల్ పీటర్ హెన్రిక్ డామ్ 1895 ఫిబ్రవరి 21వ తేదీన కోపెన్‌హాగెన్‌లో జన్మించారు. తండ్రి ఎమిల్ డామ్ ఔషధ విక్రేత. తల్లి ఎమిలీ ఉపాధ్యాయురాలు. మందుల సీసాలమధ్య పెరిగిన ఈ బాలుడు రసాయనశాస్త్రం వైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు. 1920లో కోపెన్‌హాగెన్ పాలిటెక్నిక్ సంస్థనుండి రసాయనశాస్త్రంలో పట్టభద్రులై, మొదట వ్యవసాయ, పశువైద్య విద్యాలయంలోను, 1923నుండి కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయపు శరీరధర్మశాస్త్ర ప్రయోగశాలలోను బోధకులుగా పనిచేశారు. 1924లో ఇంగర్ ఓల్సెన్‌ను వివాహమాడారు. మరుసటి సంవత్సరం ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరానికి పోయి, నోబెల్ బహుమతి గ్రహీత ఫ్రిట్జ్ ప్రెగెల్ వద్ద అతి స్వల్ప పరిమాణాలలో పదార్థాలను విశ్లేషించే విద్య అభ్యసించారు. విటమిన్లు ఆహారంలో ఉండేది అతి స్వల్ప పరిమాణంలోనే కనుక ఆ విద్య తరువాతి కాలంలో ఆయనకు అక్కరకు వచ్చిందని చెప్పవచ్చు. 1928లో విశ్వవిద్యాలయపు జీవరసాయన విభాగంలో చేరారు.

ఆనాడు ఆయన మనస్సులో ఉన్న ప్రశ్నకు రక్తంతో ఎట్టి సంబంధమూ లేదు. జంతువు శరీరం కొలెస్టెరాల్‌ను తానే తయారుచేసుకోగలదా, లేక ఆహారంనుండే పొందవలసి ఉంటుందా అన్నది ఆ ప్రశ్న. కోడిపిల్లలకు ఆ శక్తి లేదని అంతకుముందు కొందరు వ్రాసి ఉన్నారు. డామ్ దానిని పరీక్షింపదలచి, క్రొవ్వును ద్రావకాలతో పూర్తిగా లాగివేసిన కృత్రిమాహారంపై కోడిపిల్లలను పెంచారు. ఆ పిల్లల శరీరంలోను, రెట్టలలోను కొలెస్టెరాల్ కొలిచి చూడగా అవి తమకు కావలసినది తామే తయారుచేసుకుంటున్నాయని తేలింది. ప్రశ్నకు సమాధానం దొరికింది. మరొకరైతే అంతటితో వ్యాసం వ్రాసి, బోనులు కడిగించి, వేరొక పనిలో పడేవారే.

అయితే ఆ ఆహారం తిన్న పిల్లలలో కొన్నింటికి రెండు మూడు వారాలకే చర్మం క్రింద, కండరాలలో నెత్తురు కమిలిన మచ్చలు కనబడసాగాయి. వాటి రక్తాన్ని తీసి చూస్తే గడ్డకట్టడానికి మామూలుకంటె ఎంతో ఆలస్యమవుతున్నది. ఇది 1929నాటి సంగతి. డామ్ ఈ చిన్న వింతను విడిచిపెట్టలేదు. ఆహారంలో తీసివేసిన కొలెస్టెరాల్‌ను తిరిగి కలిపి చూశారు, నెత్తురు ఆగలేదు. చిగుళ్లనుండి రక్తం కారే స్కర్వీ వ్యాధివంటిదేమోనని నిమ్మరసం ఇచ్చారు, గుణం కనబడలేదు. ఎ, డి విటమిన్లకు ఆటపట్టయిన కాడ్ చేప నూనె పోశారు, అదీ పనిచేయలేదు. గోధుమ మొలక నూనె కూడ అంతే. తెలిసిన విటమిన్లన్నీ ఒక్కొక్కటిగా పరీక్షకు నిలిచి ఓడిపోగా, ఆకుకూరలు, పంది కాలేయం మాత్రం ఆ పిల్లలను కాపాడగలిగాయి. తెలిసినవేవీ కానప్పుడు తెలియనిది ఒకటి ఉండవలెను. ఈ తర్కాన్ని నమ్ముకొని ఆయన దాదాపు ఆరేళ్లు కోడిపిల్లలతో కాపురం చేశారు. మధ్యలో 1932-33లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో షోన్‌హైమర్ వద్ద పరిశోధన చేశారు, 1934లో డాక్టరేటు పొందారు. ఆయన ఎలుకలను ఎన్నుకొని ఉంటే ఈ లోపం అంత సులువుగా బయటపడేది కాదన్న సంగతి ఇక్కడ చెప్పవలెను. ఎలుక ప్రేగులలోని సూక్ష్మజీవులు ఈ పదార్థాన్ని తయారుచేస్తాయి. ఎలుక తన మలాన్ని తానే తిని దానిని తిరిగి పొందుతుంది. కోడిపిల్ల చేత చిక్కడం శాస్త్రానికి కలిగిన అదృష్టమే.

1935లో 'నేచర్' పత్రికలో డామ్ ఈ క్రొత్త పదార్థానికి విటమిన్ 'కె' అని నామకరణం చేశారు. కొద్ది వారాల వ్యవధిలోనే కాలిఫోర్నియాకు చెందిన ఆల్మ్‌క్విస్ట్, స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు స్వతంత్రంగా అదే విషయాన్ని ప్రకటించారు. వారి వ్యాసం ముందే సిద్ధమైనా వెలుగు చూడడంలో ఆలస్యం జరిగింది; తరువాత నోబెల్ బహుమతిలో వారికి భాగం దక్కలేదు. శాస్త్రచరిత్రలో తేదీలు ఎంతటి పక్షపాతం చూపుతాయో దీనినిబట్టి విద్యార్థి మిత్రులు గ్రహింతురుగాక. 1939లో స్విట్జర్లండుకు చెందిన పాల్ కారర్‌తో కలిసి డామ్ ఈ విటమిన్‌ను లూసర్న్ గడ్డినుండి వేరుచేశారు. మన రైతులు పాడిపశువులకు మేపే పచ్చగడ్డియే అది. అదే సంవత్సరం అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో ఎడ్వర్డ్ డాయిసీ బృందం దాని రసాయన నిర్మాణాన్ని ఛేదించింది.

విటమిన్ లేనిచోట రక్తం ఎందుకు గడ్డకట్టదు? డామ్, ఆయన సహచరులు షోన్‌హైడర్, టాగె-హాన్సెన్ 1936లో దీనికి జవాబు వెదకి, అట్టి కోడిపిల్లల రక్తంలో ప్రోత్రాంబిన్ అనే పదార్థం తగ్గిపోతున్నదని చూపారు. ప్రోత్రాంబిన్‌ను కాలేయం తయారుచేస్తుంది. ఆ పనికి విటమిన్ 'కె' కావలెను. పైగా ఇది క్రొవ్వులో కరిగే విటమిన్ కనుక ప్రేగునుండి రక్తంలోకి చేరడానికి పైత్యరసం కూడ కావలెను. పైత్యనాళం మూసుకొని కామెర్లు వచ్చిన రోగికి శస్త్రచికిత్స చేయడానికి ఆ కాలపు వైద్యులు జంకేవారు, కత్తి పెట్టిన చోట నెత్తురు ఆగేది కాదు గనుక. ఆ భయానికి మూలం 1938 ప్రాంతంలో యూరప్‌లోను, అమెరికాలోను ఒకేసారి తేటపడింది. ఈ పైత్యరసపు సంగతిని పాఠకులు గుర్తుంచుకొన గోరుతాము. పసిబిడ్డల విషయంలో ఇది మళ్లీ వస్తుంది.

ఇక పసిబిడ్డలు. 1894లో బోస్టన్ నగరపు వైద్యుడు చార్లెస్ టౌన్‌సెండ్ ఏబదిమంది నవజాత శిశువుల వృత్తాంతం ప్రచురించారు. పుట్టినప్పుడు ఆరోగ్యంగా ఉండి, రెండు మూడు రోజులు తిరిగేసరికి బొడ్డునుండి, ముక్కునుండి, ప్రేగులనుండి రక్తం స్రవించే బిడ్డలు వారు. తరతరాలుగా కొన్ని కుటుంబాలలో వచ్చే హీమోఫీలియా ఇది కాదని టౌన్‌సెండ్ గుర్తించారు, కాని కారణం ఆయనకు అందలేదు. ఆ తరువాత నలుబది ఐదేళ్లపాటు అట్టి బిడ్డలను చూచిన వైద్యులు చేయగలిగినది బహు స్వల్పం.

1939లో డామ్, టాగె-హాన్సెన్, శిశువైద్యుడు ప్లమ్ కలిసి నవజాత శిశువుల రక్తాన్ని పరీక్షించారు. లోపం కొందరు రోగగ్రస్త శిశువులకే పరిమితమై ఉంటుందని ఎవరైనా ఊహించేవారే. పరీక్షలో తేలినది వేరు. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డ రక్తంలో కూడ ప్రోత్రాంబిన్ పెద్దవారికంటె ఎంతో తక్కువగా ఉన్నది. మొదటి కొద్ది రోజులలో అది ఇంకా పడిపోతున్నది. విటమిన్ 'కె' ఇస్తే ఆ పతనం ఆగుతున్నది. అదే కాలంలో అమెరికాలోని వర్జీనియాలో వాడెల్, గెర్రీ అనే వైద్యులు కూడ ఇదే నిర్ణయానికి వచ్చారు.

బిడ్డకు ఈ లోటు ఎందుకు? తల్లి రక్తంలోని విటమిన్ 'కె' మావిని దాటి బిడ్డకు చేరేది అత్యల్పం. పుట్టిన బిడ్డ ప్రేగులలో ఆ విటమిన్‌ను తయారుచేసే సూక్ష్మజీవులు ఇంకా కుదురుకొని ఉండవు. తల్లిపాలు అన్నివిధాల శ్రేష్ఠమైన ఆహారమే అయినా, ఈ ఒక్క విటమిన్ మాత్రం అందులో లీటరుకు కొన్ని మైక్రోగ్రాములకు మించదు. తల్లి తోటకూర, పాలకూర నిత్యం తిన్నంత మాత్రాన పాలలో అది కావలసినంతగా పెరగదు. అందుచేత నిండు ఆరోగ్యంతో, నిండు నెలలకు, నిండు పోషణగల తల్లికి పుట్టిన బిడ్డ కూడ ఈ లోటుతోనే పుడుతుంది. ఆ లోటుకు వెలుపల గుర్తు ఏదీ ఉండదు. చూడడానికి బిడ్డ పూవులా ఉంటుంది.

ఈ పరిశోధన ఫలితాలు వెలువడుతున్న సమయానికే యుద్ధం ముంచుకొచ్చింది. 1940 ఏప్రిల్‌లో జర్మన్ సేనలు డెన్మార్క్‌ను ఆక్రమించుకున్నాయి. ఆ సంవత్సరమే అమెరికా, కెనడాలలో ఉపన్యాసయాత్రకు వెళ్లిన డామ్ యుద్ధం ముగిసేవరకు అక్కడే ఉండిపోయారు. వుడ్స్ హోల్ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలలోను, రోచెస్టర్ విశ్వవిద్యాలయంలోను, చివర రాక్‌ఫెల్లర్ సంస్థలోను పరిశోధన సాగించారు. 1941లో కోపెన్‌హాగెన్ పాలిటెక్నిక్ సంస్థ సముద్రానికి ఆవల ఉన్న ఆయననే ఆచార్య పదవికి నియమించింది. 1943కు చెందిన వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని 1944లో డామ్, డాయిసీలకు ప్రకటించారు. స్టాక్‌హోంలో ఉత్సవం జరిపే పరిస్థితి లేక, బహుమతి ప్రదానం ఆ డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగింది. నోబెల్ ఉపన్యాసం ఇవ్వడానికి ఆయన స్టాక్‌హోం చేరినది 1946 డిసెంబరులో, స్వదేశానికి తిరిగివచ్చిన తరువాతనే. ఇంతలో 1944లో స్వీడన్ వైద్యుడు యోర్గెన్ లేమన్ పదమూడువేలమంది శిశువులకు ముందుజాగ్రత్తగా విటమిన్ 'కె' ఇచ్చిన అనుభవాన్ని ప్రచురించి, టౌన్‌సెండ్ వర్ణించిన రక్తస్రావాన్ని నివారించవచ్చునని చూపారు.

ఈ కథ ఇక్కడినుండి సాఫీగా నడచి ఉంటే బాగుండేది. 1950 దశకంలో నీటిలో కరిగే కృత్రిమ విటమిన్ 'కె'ను కొన్ని ఆసుపత్రులలో మితిమీరిన మోతాదులలో వాడారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలలో ఎర్రరక్తకణాలు పగిలి, కామెర్లు ముదిరి, మెదడు దెబ్బతిన్న సంఘటనలు జరిగాయి. మందును నిందించవలెనా, మోతాదును నిందించవలెనా అని తర్కించి, వైద్యులు ఆ కృత్రిమ రూపాన్ని విడిచి, పచ్చని ఆకులలో ఉండే సహజ రూపమైన 'కె-1'ను స్వల్ప మోతాదులో ఎన్నుకున్నారు. 1961లో అమెరికా శిశువైద్యుల అకాడమీ పుట్టిన ప్రతి బిడ్డకూ అర మిల్లీగ్రాము నుండి ఒక మిల్లీగ్రాము వరకు దీనిని ఇవ్వవలెనని సిఫారసు చేసింది. ఈ పొరపాటును దాచక చెప్పడమే మంచిదని మా అభిప్రాయం. దాచిన చోటనే అనుమానం మొలకెత్తుతుంది.

డామ్ మాత్రం తన ప్రయోగశాలలో నెమ్మదిగా పనిచేసుకుంటూ పోయారు. విటమిన్ 'ఇ', క్రొవ్వులు, కొలెస్టెరాల్ ఆయన విషయాలు. 1952లో, క్రొవ్వు లేక చక్కెర హెచ్చుగా ఉన్న ఆహారంతో హామ్‌స్టర్ అనే చిన్న జంతువులలో పిత్తాశయపు రాళ్లు పుట్టించి, ఆ జబ్బు మూలాన్ని శోధించారు. 1956నుండి 1962వరకు డేనిష్ క్రొవ్వుల పరిశోధన సంస్థలో జీవరసాయన విభాగాన్ని నడిపారు. విటమిన్ 'కె' కాలేయంలో ప్రోత్రాంబిన్‌ను ఏ మార్పుచేత పనికివచ్చేదిగా చేస్తున్నదో 1974లో స్వీడన్‌లోని స్టెన్‌ఫ్లో, ఆయన సహచరులు కనుగొన్నారు. నలుబది ఐదేళ్లనాడు కోడిపిల్ల చర్మం క్రింద చూచిన మచ్చకు పూర్తి వివరణ డామ్ జీవితకాలంలోనే లభించిందన్నమాట. 1976 ఏప్రిల్‌లో కోపెన్‌హాగెన్‌లో ఆయన కన్నుమూశారు.

ఆయన మరణానంతరం వచ్చిన పరీక్ష వేరు. 1992లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జరిగిన ఒక అధ్యయనం, ఈ సూదిమందు పొందిన పిల్లలలో క్యాన్సర్ హెచ్చుగా కనబడుతున్నదని ప్రకటించింది. తల్లిదండ్రులు దిగులుపడ్డారు, దిగులుపడడం సహజమే. తరువాత అమెరికా, స్వీడన్, డెన్మార్క్ దేశాలలో మరింత పెద్ద సంఖ్యలతో పరిశీలించగా అట్టి సంబంధమేమీ నిలువలేదు. కాని పరిశీలన ముగిసేలోపల కొన్ని దేశాలు సూదిని మాని నోటి చుక్కలకు మారాయి. డామ్ స్వదేశమైన డెన్మార్క్ కూడ వాటిలో ఒకటి. అక్కడ 1992నుండి 2000వరకు తల్లిదండ్రులే వారం వారం చుక్కలు వేసే పద్ధతి నడచి, ఆపైన మళ్లీ సూదిమందే వచ్చింది.

చుక్కలకు, సూదికి తేడా ఉన్నదా అని అడిగేవారికి జవాబు 1938నాటి పైత్యరసపు పాఠంలోనే ఉన్నది. కొద్దిమంది బిడ్డలు పైత్యనాళపు లోపంతో పుడతారు. మొదటి వారాలలో అది ఎవరికీ తెలియదు. ఆ బిడ్డకు నోటితో ఇచ్చిన విటమిన్ ప్రేగునుండి సరిగా ఎక్కదు. నెదర్లాండ్స్‌లో రోజూ స్వల్ప మోతాదు చుక్కలు వాడిన కాలంలో ఇట్టి బిడ్డలలోనే రక్తస్రావం ఎక్కువగా కనబడింది. తొడ కండరంలో వేసిన సూదికి ప్రేగుతో పని లేదు. అది అక్కడే నిల్వవలె ఉండి వారాల తరబడి మెల్లగా అందుతుంది.

సూది వద్దన్న ఇండ్లలో ఏమి జరుగుతుంది? చాలామందికి ఏమీ జరుగదు. నిరాకరణకు బలం చేకూర్చేది ఇదే. మొదటి వారంలో, అంటే అఖీఖా రోజుకు, పురిటి స్నానానికి ముందే వచ్చే రక్తస్రావం, విటమిన్ పొందని బిడ్డలలో వెయ్యికి ఇద్దరు ముగ్గురు మొదలు పదిహేడుగురి వరకు కనబడవచ్చునని అంచనా. నవజాత దశలోనే సున్తీ జరిపే చోట్ల ఆ గాయంనుండి నెత్తురు ఆగకపోవడం దీని గుర్తులలో ఒకటి. రెండవ రకం భయంకరమైనది. రెండు వారాలు గడచిన తరువాత, ఆరు నెలలలోపు, అన్నప్రాశనకు ముందు ఎప్పుడైనా రావచ్చు. విటమిన్ పొందని బిడ్డలలో లక్షకు నలుగురు మొదలు ఏడుగురి వరకు దీని పాలబడతారు. దాదాపు అందరూ కేవలం తల్లిపాలపై పెరిగేవారు. వారిలో సగంమందికి నెత్తురు మెదడులో స్రవిస్తుంది. బిడ్డ మందకొడిగా మారుతుంది, వాంతులు చేసుకుంటుంది, మాడు ఉబుకుతుంది, ఫిట్లు వస్తాయి. ఐదుగురిలో ఒకరు మరణిస్తారు.

లక్షకు నలుగురైదుగురు ఏపాటి అనిపించవచ్చు. ఏడాదికి వెయ్యి కాన్పులు చూచే ఆసుపత్రిలో ఎవరికీ సూది వేయకున్నా, ఇట్టి బిడ్డ పదిహేను, ఇరువది ఏళ్లకొకసారి మాత్రమే ఎదురవుతుందని లెక్క. అనుభవజ్ఞురాలైన మంత్రసాని కూడ తన జీవితంలో ఒక్క బిడ్డను చూడకపోవచ్చు. మా ఇంట ఇంతమందికి ఏ సూదీ లేకుండానే పురుడు పోశానని పెద్దామె చెప్పేది సత్యమే కావచ్చు. ఆ సత్యంతో ఈ ప్రశ్నకు జవాబు మాత్రం దొరకదు. ఒక ఇంటి జ్ఞాపకం పట్టలేని సంఖ్యలు ఇవి.

2013లో అమెరికాలోని నాష్‌విల్ నగరంలో కొద్ది నెలల వ్యవధిలో నలుగురు శిశువులు ఈ రెండవ రకం రక్తస్రావంతో ఆసుపత్రి చేరారు. నలుగురికీ తల్లిదండ్రులు పుట్టినప్పుడు సూది వద్దన్నారు. ముగ్గురికి మెదడులోను, ఒకరికి ప్రేగులోను నెత్తురు స్రవించింది. నలుగురూ బ్రతికారు, కాని ఒక బిడ్డకు అవయవాల కదలికలో లోపం కనబడింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు విచారించగా, ఆ నగరపు ఒక ఆసుపత్రిలో నూటికి ముగ్గురు పైబడి, ప్రైవేటు ప్రసూతి గృహాలలో నూటికి ఇరువది ఎనిమిదిమంది బిడ్డలు సూది పొందడం లేదని తేలింది. కారణాలు అడిగితే రక్తపు క్యాన్సర్ భయమని కొందరు, అనవసరమని కొందరు, బిడ్డ శరీరంలో విషాలు చేరరాదని కొందరు చెప్పారు. ఇరువది ఏళ్లనాడు తోసివేయబడిన బ్రిస్టల్ భయమే ఇంకా తిరుగుతున్నది. వారు బిడ్డలపట్ల ప్రేమ లేనివారు కారు. ఆలస్యంగా వచ్చే రక్తస్రావాన్ని గురించి వారికి తెలిసినది మాత్రం శూన్యం లేదా అరకొర. సూది పొందని బిడ్డకు ఈ తీవ్ర రక్తస్రావపు ప్రమాదం 81 రెట్లు అధికమని అదే సంస్థ లెక్కకట్టింది. వ్యాధి కనబడకపోవడం ఆ సూది ఫలితమే కాగా, ఆ కనబడకపోవడమే సూది అక్కరలేదనడానికి సాక్ష్యమైంది.

ఇది టీకా అని భ్రమించేవారు కూడ ఉన్నారు. ఇందులో ఏ క్రిమీ లేదు. ఇది లూసర్న్ గడ్డిలో డామ్ పట్టుకున్న విటమిన్ మాత్రమే. ప్రకృతి బిడ్డను పరిపూర్ణంగా పంపుతుందన్న విశ్వాసాన్ని మేము గౌరవిస్తాము. అయినా బొడ్డు కోసి ముడివేయడం మనిషి చేతి పనియే కదా.

మన దేశంలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2014 సెప్టెంబరులో ఆసుపత్రులలో పుట్టే ప్రతి బిడ్డకూ ఈ సూది ఇవ్వవలెనని మార్గదర్శకాలు వెలువరించింది. వేయి గ్రాములు, అంతకుమించిన బరువుగల బిడ్డకు ఒక మిల్లీగ్రాము, అంతకు తక్కువైన బిడ్డకు అర మిల్లీగ్రాము. బిడ్డను తల్లి రొమ్ముపై ఉంచి ముర్రుపాలు పట్టించే మొదటి గంట గడవనిచ్చి, ఆ తరువాత వేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. తండ్రి బిడ్డ చెవిలో అజాన్ వినిపించే వేళకు కూడ దీనివలన ఆటంకమేమీ కలుగదు. ఇంటివద్ద కాన్పు అయిన బిడ్డకు ఈ సూది తనంతట తాను రాదు. ఆ బిడ్డను వెంటనే ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయి అడిగి వేయించుకొనవలసి ఉంటుంది.